మన పేరు మీద ఇంకొకరి లోన్! క్రెడిట్ మానిటరింగ్‌కు పైసలు కట్టాలా, వద్దా?

2018 జూన్‌లో పెద్దపల్లి జిల్లా ధర్మారం పేరు దేశమంతా వినిపించింది. అక్కడి ఒక సిమ్ కార్డుల డిస్ట్రిబ్యూటర్ భూముల రిజిస్ట్రేషన్ వెబ్‌సైట్‌లోని దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసి, రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలో నకిలీ వేళ్లు తయారు చేశాడు. వాటితో వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడని పోలీసులు తేల్చారు. ధర్మారం మా పాత కరీంనగర్ జిల్లాలోనిదే. కాబట్టి 'ఐడెంటిటీ థెఫ్ట్' అంటే అమెరికా ముచ్చట అనుకోవద్దు.

2022 ఫిబ్రవరిలో నటి సన్నీ లియోన్ కూడా ఇదే చెప్పింది. తన పాన్ నంబర్‌తో ఎవరో 2,000 రూపాయల లోన్ తీసుకున్నారని, తన సిబిల్ స్కోర్ దెబ్బతిన్నదని ట్వీట్ చేసింది. ఆమె ట్వీట్ చేస్తే కదిలారు. మా చందుర్తిలో బీడీలు చుట్టే అక్కకో, సిరిసిల్లలో సాంచెలు నడిపే అన్నకో అట్లయితే ఎవరు కదులుతరు?

మా బావకు అదే అయింది. రుద్రంగిలో ఉంటడు. ట్రాక్టర్ లోన్‌కు పోతే బ్యాంకోళ్లు పాత బాకీ ఉందన్నరు.

"బావా, ఏదన్న యాప్‌ల లోన్ తీసుకున్నవా?" అని అడిగిన.

"నేను మస్కట్ నుంచి వచ్చిందే మొన్న. నాకెక్కడి యాప్ రా!" అన్నడు.

రిపోర్ట్ తీసి చూస్తే, ఆయన మస్కట్‌లో ఉన్నప్పుడు ఒక లోన్ యాప్‌లో తీసుకున్న చిన్న అప్పు ఆయన పాన్ మీద కనిపించింది. అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరు కలిసినా ఒకటే ప్రశ్న: "నువ్వు సాఫ్ట్‌వేర్ కదా, దీనికేదో సర్వీస్ ఉందట, ఏది మంచిది?" దానికి జవాబే ఇది.

ముందు ఫ్రీగా వచ్చేది తెలుసుకుందాం

మన దేశంలో క్రెడిట్ బ్యూరోలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్. ఆర్‌బీఐ రూల్ ప్రకారం 2017 నుంచి ఒక్కో బ్యూరో ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్ట్ ఉచితంగా ఇవ్వాలి. అప్పులిచ్చే బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు నాలుగింటికీ సమాచారం పంపాలి.

అంటే చిన్న లెక్క. జనవరిలో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి, జులైలో ఒకటి, అక్టోబర్‌లో ఒకటి తీసుకోండి. మూడు నెలలకోసారి చెక్ చేసినట్టు అవుతుంది. ఖర్చు సున్నా. మన రిపోర్ట్ మనం చూసుకుంటే స్కోర్ తగ్గదు.

రిపోర్ట్ రాగానే అందరూ స్కోర్ చూసి మూసేస్తరు. అసలు చూడాల్సింది 'ఎంక్వైరీలు' అనే భాగం. మన పేరు మీద లోన్ కోసం ఏ కంపెనీ మన రిపోర్ట్ తెరిచిందో అక్కడ ఉంటుంది. తెలియని పేరుంటే అదే మొదటి గంట. తర్వాత అడ్రస్‌లు, ఫోన్ నంబర్లు చూడండి. మనం ఎన్నడూ ఉండని ఊరి అడ్రస్ కనిపిస్తే అనుమానించాల్సిందే.

ఇంకొకటి. 2023 అక్టోబర్‌లో ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశం ప్రకారం, అప్పులిచ్చే సంస్థలు మన రిపోర్ట్ చూసినప్పుడు బ్యూరోలు మనకు ఎస్సెమ్మెస్ లేదా ఈమెయిల్ పంపాలి. బ్యాంకులో మన నంబర్ సరిగ్గా ఉంటేనే అది మనకు చేరుతుంది. గల్ఫ్‌కు పోయినోళ్ల కష్టం ఇక్కడే. ఇండియా సిమ్ ఆగిపోతది, కొన్నాళ్లకు ఆ నంబర్ ఇంకొకరికి పోతది. అలర్ట్ ఎవరికో చేరుతది. కాబట్టి పోయే ముందే ఈమెయిల్ కూడా బ్యాంకులో ఇచ్చి పోవాలి.

పైసలు కట్టే సర్వీస్ అయితే..

కట్టే ముందు ఈ నాలుగు ప్రశ్నలు అడగండి.

ఒకటి, ఎన్ని బ్యూరోలను చూస్తుంది? చాలా ప్లాన్లు ఒక్క బ్యూరోనే చూస్తాయి. రిపోర్ట్ 'లాక్' సౌకర్యం ఉందంటే, అది ఏ బ్యూరోకు వర్తిస్తుందో అడగండి. అమెరికాలో 2018 నుంచి ఎవరైనా క్రెడిట్ రిపోర్ట్‌ను ఉచితంగా ఫ్రీజ్ చేసుకోవచ్చు. అక్కడున్న మనవాళ్లు పైసలు కట్టే ముందు ముందుగా ఆ పని చేసుకోవాలి. మన దగ్గర అందరికీ అలాంటి హక్కు లేదు.

రెండు, అలర్ట్ ఎప్పుడు వస్తుంది? కొత్త ఎంక్వైరీ పడగానేనా, నెలకోసారా? నెలాఖరుకు చెప్పే దానికి పైసలెందుకు?

మూడు, యాప్ ఎట్లా సంపాదిస్తుంది? ఫ్రీ స్కోర్ యాప్‌లు చాలావరకు లోన్లు, కార్డులు అమ్మి బతుకుతాయి. కాంటాక్ట్స్, ఫొటోల పర్మిషన్ అడిగితే డిలీట్ కొట్టండి. స్కోర్ చూపించడానికి వాటితో పని లేదు.

నాలుగు, ఇన్సూరెన్స్ కలిపి ఇస్తే షరతులేంటి? ఎన్ని రోజుల్లో చెప్పాలి, ఎఫ్‌ఐఆర్ కావాలా, ఓటీపీ మనమే చెబితే వర్తిస్తుందా అని చదవండి.

నా లెక్కలో కట్టడం ఎవరికి లాభం? కొన్ని నెలల్లో హోమ్ లోన్‌కు పోయేవాళ్లకు, పాన్, ఆధార్ పోగొట్టుకున్నవాళ్లకు, ఒకసారి మోసపోయినవాళ్లకు. మిగతావాళ్లకు ఉచిత రిపోర్టులు చాలు.

మానిటరింగ్ చూడనిది

ఇది ఎవరూ ప్రకటనలో చెప్పరు. ధర్మారంలో జరిగింది ఏ క్రెడిట్ రిపోర్ట్‌లోనూ కనిపించదు. మన పేరు మీద సిమ్ తీసినా, వేలిముద్రతో ఖాతాలో డబ్బు లాగినా స్కోర్ కదలదు. దానికి వేరే తాళాలున్నాయి, అవీ ఫ్రీనే. ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టండి, అవసరం ఉన్నప్పుడు తెరవండి. సంచార్ సాథీ పోర్టల్‌లో మన పేరు మీద ఎన్ని నంబర్లు ఉన్నాయో చూడండి. జిరాక్స్ ఇవ్వాల్సి వస్తే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి.

దొరికితే ఏం చేయాలి?

డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. దొంగ లోన్ కనిపిస్తే సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి, ఆ నంబర్‌తో లోన్ ఇచ్చిన సంస్థకు, బ్యూరోకు రెండింటికీ రాయాలి. బ్యూరో తనంతట తాను తీసేయదు, అప్పిచ్చిన సంస్థను అడుగుతుంది. 30 రోజుల్లో తేలకపోతే, ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం మన హక్కు. అప్పటికీ పని కాకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు, ఫీజు లేదు.

బావ విషయంలో అన్నీ రాతపూర్వకంగా పంపినం. అప్పు తీసేసినరు. కానీ అప్పటికి నాట్ల సీజన్ అయిపోయింది, ట్రాక్టర్ కిరాయికి తెచ్చుకున్నడు.

ఈ ఆదివారం ఇంట్లోవాళ్ల ఫోన్లు ముందు పెట్టుకుని ఒక్కొక్కరి రిపోర్ట్ తీయండి. అమ్మది కూడా. సంఘం లోన్లు, గోల్డ్ లోన్లు అన్నీ ఆమె పేరు మీదే ఉంటాయి, రిపోర్ట్ మాత్రం ఎవరూ చూసి ఉండరు.