ఫ్యూజుకు తీగ వేస్తే బ్యాటరీ బతకదు

ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పి, పనైపోయిన సెల్స్ తీసేసి కొత్తవి వేసుకున్నవాళ్లకు తరచుగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. మీటరు పెట్టి చూస్తే సెల్స్‌లో వోల్టేజి నిక్షేపంగా ఉంటుంది, ప్యాక్ బయటి పిన్నుల దగ్గర మాత్రం సున్నా. ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే చార్జ్ కావడం లేదంటుంది, లేదా అసలు బ్యాటరీయే లేదంటుంది. సరిగ్గా ఇక్కడే ఒక చిట్కా తయారవుతుంది: బోర్డు మీద ఫ్యూజు ఒకటుంటుంది, అది కంపెనీవాళ్లు మన చేత కొత్త బ్యాటరీ కొనిపించడానికి పెట్టిన అడ్డుపుల్ల, దాని రెండు కొసలనూ చిన్న తీగతో కలిపి సోల్డర్ చేసేయండి, బ్యాటరీ లేచి కూర్చుంటుంది! చెప్పేవాళ్లకు పోయేదేమీ లేదు. విన్నవాళ్లు మాత్రం ఆ ప్యాక్‌ను ఒళ్లో పెట్టుకుని పనిచేస్తారు, రాత్రంతా చార్జింగులో వదిలి నిద్రపోతారు. సెల్స్ మార్పిడి చుట్టూ అపోహలు చాలానే ఉన్నా, ముందు దీని సంగతి తేల్చాలి.

సెల్స్ మార్చినంత మాత్రాన బ్యాటరీ కొత్తదైపోదు. ఆ డబ్బాలో లెక్కలు రాసే చిప్ ఒకటుంది. ఒక్కో వరస సెల్స్ వోల్టేజి ఎంత, వచ్చిపోయే కరెంటు ఎంత, వేడి ఎంత అని కొలుస్తూ ఆ వివరాలు ల్యాప్‌టాప్‌కు చెప్పేది అదే. ఎన్ని సైకిల్స్ గడిచాయి, నిండా చార్జ్ చేస్తే ఎంత పడుతుంది, ఎప్పుడైనా ప్రమాదం ఎదురైందా అన్నవి కరెంటు పోయినా చెరగని ఫ్లాష్ మెమరీలో ఉంటాయి. పాత సెల్స్ పీకేసి వారం తర్వాత కొత్తవి వేసినా చిప్ లెక్కలో అది ఆ ముసలి బ్యాటరీయే. కొత్త సెల్స్‌తో ప్యాక్ మూగబోవడానికి ముఖ్యంగా మూడు కారణాలుంటాయి. సెల్స్ విడిపోగానే చిప్ నిద్రలోకి పోయి ఉండవచ్చు. చాలా చిప్‌లు బయటి పిన్నుల మీద చార్జర్ వోల్టేజి కనబడితే గానీ మేలుకోవు. లేదా వైర్లు విప్పే క్రమంలో రెండు వరసల మధ్య నుంచి బోర్డుకు వచ్చే వైరు (ట్యాప్) ముందుగా ఊడి, ఒక వరస వోల్టేజి కుప్పకూలినట్టు చిప్‌కు కనబడి ఉండవచ్చు. అప్పుడది శాశ్వత లోపం అని రాసేసుకుని, చార్జింగు దారినీ డిశ్చార్జి దారినీ కాపలా కాసే మాస్‌ఫెట్ స్విచ్‌లు రెండింటినీ మూసేస్తుంది. ఇక మూడోది, ఆ తీర్పుతోపాటు ఫ్యూజునూ కాల్చేసి ఉండటం.

ఇప్పుడు ఈ మూడింటికీ ఆ తీగ ఏం చేస్తుందో చూడండి. మొదటి రెండు సందర్భాల్లో ఫ్యూజు చెక్కుచెదరకుండా ఉంది కాబట్టి తీగకు చేసే పనే లేదు. మూడోదాంట్లో ఫ్యూజు పోయినమాట నిజమే గానీ, దాన్ని కలిపినా మెమరీలో శాశ్వత లోపం రాత అలాగే ఉంటుంది, మాస్‌ఫెట్‌లు తెరుచుకోవు. పని జరగదు గనకే చిట్కాలో రెండో తీగ వచ్చి చేరుతుంది: మాస్‌ఫెట్‌లను కూడా దాటేసి సెల్స్ ప్లస్ నుంచి నేరుగా బయటి పిన్నుకు. మీటరు వోల్టేజి చూపిస్తుంది, అందరూ సంతోషిస్తారు. ఆ క్షణం నుంచి ప్యాక్ బోర్డు మీద కరెంటును ఆపగలిగే భాగం ఒక్కటీ మిగలదు. ఒక్క తీగతోనే లేచే ప్యాక్‌లు కూడా లేకపోలేదు. చాలా ప్యాక్‌లలో లెక్కల చిప్‌కు తోడుగా, సెల్ వోల్టేజి హద్దు మీరితే ఫ్యూజును విడిగా కాల్చేసే రెండో రక్షణ చిప్ ఉంటుంది. అది కాల్చిన ఫ్యూజైతే తీగతో ప్యాక్ లేవవచ్చు. అయితే అది కనీసం ఒకసారి ఓవర్‌చార్జ్ ప్రమాదం కనబడిన ప్యాక్ అన్నమాట. అన్నిటికంటే ముందు అనుమానించాల్సిన ప్యాక్‌నే ఈ చిట్కా లేపి కూర్చోబెడుతోంది.

ఆ ఫ్యూజు అడ్డుపుల్లేనా అన్నది దాని నిర్మాణం చూస్తే తెలుస్తుంది. కరెంటు ఎక్కువైతే మాత్రమే కరిగిపోయే మామూలు రెండు కాళ్ల ఫ్యూజు కాదది. దానికి మూడో కాలుంటుంది, లోపల చిన్న హీటరుంటుంది. చిప్ సంకేతమిస్తే హీటరు వేడెక్కి ఫ్యూజును కరిగిస్తుంది. మాస్‌ఫెట్‌ను మూసుకోమన్నా కరెంటు ఆగనప్పుడు వాడాల్సిన ఆఖరి అస్త్రమిది. మాస్‌ఫెట్ చెడిపోతే ఎక్కువగా షార్ట్ అయ్యే చెడిపోతుంది, అంటే తెరిచిన తలుపులా ఉండిపోతుంది. అప్పుడు ఫ్యూజు కూడా లేకపోతే సెల్ 4.2 వోల్టులు దాటి నిండుతూనే పోవచ్చు. గ్రాఫైట్ మీద లిథియం లోహంగా పేరుకుంటుంది, పాజిటివ్ వైపు పదార్థం విచ్ఛిన్నమై ఆక్సిజన్ వదులుతుంది, మధ్యలో ఉన్న ఎలక్ట్రోలైట్ మండే ద్రవం. నిప్పుకు ఇంతకంటే ఏం కావాలి?

ల్యాప్‌టాప్‌లోనే చార్జింగ్ కంట్రోలర్ ఉంది కదా అని ఒక వాదన. ఉంది, కానీ అది చూసేది మొత్తం వోల్టేజిని. మూడు వరసల ప్యాక్‌లో 12.6 వోల్టులు కనబడితే దానికి అంతా బాగున్నట్టే. ఒక వరస 4.5, మిగతా రెండూ 4.05 చొప్పున ఉన్నా మొత్తం 12.6 వోల్టులే. ఒక్కో వరసను విడిగా చూసి చార్జింగు ఆపే అధికారం ప్యాక్ బోర్డుకే ఉంది, దాన్నేమో మీరు దాటేశారు. ‘మావాడు చేశాడు, ఆరు నెలలుగా బ్రహ్మాండంగా నడుస్తోంది’ అనేది రెండో వాదన. ఇంట్లో ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావు రాగితీగ చుట్టేసినా లైట్లు బాగానే వెలుగుతాయి. వైరింగు కాలే రోజు దాకా తేడా తెలియదు. ఇక కంపెనీల తాళం సంగతి. తాళం ఉంది. అది చిప్‌లో పాస్‌వర్డు రూపంలో ఉంది, ఫ్యూజులో కాదు. 2011లో చార్లీ మిల్లర్ అనే భద్రతా పరిశోధకుడు ఆపిల్ ల్యాప్‌టాప్ బ్యాటరీ చిప్‌లలో తయారీ నాటి డిఫాల్ట్ పాస్‌వర్డులు మార్చకుండా వదిలేశారని చూపించి, వాటితోనే చిప్‌లోకి వెళ్లగలిగాడు. కంపెనీల మీద కోపం ఉంటే రిపేరు హక్కు కోసం, ఆ చిప్‌ల వివరాల కోసం నిలదీయండి. ఫ్యూజుకు వేసిన తీగ ఏ పాస్‌వర్డునూ తెరవదు.

ఫ్యూజు మీద పెట్టే శ్రద్ధలో పదోవంతు బ్యాటరీ లేబుల్ మీద పెడితే బాగుండేది. దాని మీద 10.8 లేదా 11.1 వోల్టులని ఉంటే లోపలివి 4.2 వోల్టుల వరకు నిండే మామూలు సెల్స్. 11.4 అని ఉంటే సాధారణంగా అవి 4.35 వోల్టుల దాకా నింపే సెల్స్. అలాంటి బోర్డుకు మామూలు సెల్స్ కలిపితే, చిప్ తన లెక్క ప్రకారం చక్కగా, ఏ తప్పూ నమోదు చేయకుండా రోజూ వాటిని ఓవర్‌చార్జ్ చేస్తుంది. పాతవి కొన్ని, కొత్తవి కొన్ని కలపడమూ ఇలాంటి తెలివే. పైగా బోర్డు ఎంత బాగున్నా సెల్ లోపలి షార్టును ఆపలేదు. 2006లో డెల్ దాదాపు 41 లక్షల ల్యాప్‌టాప్ బ్యాటరీలను వెనక్కి పిలిపించింది సోనీ సెల్స్‌లో పడిన లోహపు రేణువుల వల్ల. పేరున్న ఫ్యాక్టరీ సెల్స్‌కే ఆ గతి పడితే, ఊరూపేరూ లేని సెల్స్‌కు తీగలు వేసి ధీమాగా ఉండటం ఏ ధైర్యమో!

కాలిబ్రేషన్ అపోహకు మాత్రం, ఇష్టం లేకపోయినా, కొంత ఒప్పుకోక తప్పదు. పూర్తిగా ఖాళీ చేసి పూర్తిగా నింపితే సెల్స్ బలపడతాయన్నది నికెల్ కాడ్మియం కాలపు మాట, లిథియంకు అది మేలు కాదు. కానీ సెల్స్ మార్చాక ఒకటి రెండు సార్లు అలా చేయాల్సిందే. బలపడేది సెల్స్ కాదు, సరిపడేది చిప్ లెక్క. నిండా చార్జ్ చేసి రెండు గంటలు వదిలేయండి. తర్వాత ల్యాప్‌టాప్ తనంతట ఆగేదాకా వాడి, అయిదారు గంటలు ఆగి మళ్లీ నింపండి. కొన్ని చిప్‌లు ఒక్కో విడతకు కొంత మేరకే లెక్క మారుస్తాయి కాబట్టి మొదటిసారికే పూర్తి ఫలితం ఆశించకండి. విండోస్ ఇచ్చే బ్యాటరీ రిపోర్టులో ఫుల్ చార్జ్ కెపాసిటీ పెరుగుతుంటే పని జరుగుతున్నట్టు. సైకిల్ కౌంట్ పాతదే చూపిస్తుంది. దాని గురించి బెంగ వద్దు.

మిగతా నమ్మకాలకు తలా ఒక మాట చాలు. ఫ్రిజ్‌లో పెడితే బ్యాటరీ బాగుపడదు, చెమ్మ పట్టి బోర్డు పోతుంది. కొత్త సెల్స్‌ను మొదటిసారి పన్నెండు గంటలు చార్జ్ చేయనక్కర్లేదు. పవర్ బటన్ ముప్పై సెకన్లు నొక్కిపట్టినా ప్యాక్‌లోని చిప్ మెమరీ చెరగదు. 18650 సైజు సెల్ మీద 9,900 ఎంఏహెచ్ అని అచ్చువేసి ఉంటే అది నకిలీ. ఆ సైజులో మంచి సెల్ ఇచ్చేది 3,500 ప్రాంతంలోనే.

సెల్స్ మార్చి తీరాలనుకుంటే ముందే జాగ్రత్తపడండి. అన్నీ ఒకే రకం, ఒకే వోల్టేజిలో ఉన్న కొత్త సెల్స్ తీసుకోండి. నికెల్ పట్టీలను స్పాట్ వెల్డింగ్ చేయించండి, సెల్‌కు నేరుగా సోల్డరింగ్ వద్దు. బోర్డుకు ముందు మైనస్, తర్వాత కింది నుంచి పైకి ఒక్కో ట్యాప్, ఆఖర్న ప్లస్ కలపండి. విప్పేటప్పుడు దీనికి తలకిందులు. అప్పటికీ ప్యాక్ మూగగా ఉంటే చార్జర్ తగిలించిన ల్యాప్‌టాప్‌లో పెట్టి కాసేపు చూడండి, నిద్రపోయిన చిప్ లేవవచ్చు. లేవకపోతే ప్యాక్ చిప్‌ను చదివే ఎస్‌ఎంబస్ పరికరం ఉన్న మెకానిక్ దగ్గరికే వెళ్లండి. లోపం ఎందుకు నమోదైందో చూసి, అది విప్పడంలో వచ్చిందేనని తేలితేనే ఆ రాత చెరపాలి; ఫ్యూజు కాలి ఉంటే అదే రకం మూడు కాళ్ల ఫ్యూజు వేయాలి. ఆ పరికరం లేదు, తీగ ఉంది అని మెకానిక్ అంటే ప్యాక్ వెనక్కి తీసుకుని వచ్చేయండి. బీఐఎస్ గుర్తున్న కొత్త బ్యాటరీ కొనుక్కుని, పాతదాని పిన్నులకు టేపు చుట్టి, చెత్తబుట్టలో కాకుండా ఈ-వేస్ట్ సేకరణ కేంద్రంలో ఇవ్వండి.