ఎత్తిపోతల... గట్టు మీద నుంచే!

మాచర్ల పక్కగా నెమ్మదిగా సాగే చంద్రవంక, నక్కల వాగునూ తుమ్మల వాగునూ కలుపుకొని ఒక్కసారిగా 70 అడుగుల లోతుకు దూకేస్తుంది. అదే ఎత్తిపోతల! మాచర్ల నుంచి వెళ్తుంటే నాగార్జునసాగర్‌కు 11 కిలోమీటర్ల ముందే వస్తుంది.

జలపాతం దిగువన కొండల నడుమ లోయ. అందులోంచి సుమారు 3 కిలోమీటర్లు పారి వాగు కృష్ణలో కలుస్తుంది. ఆ ఒడ్డునే నడిచి, రాత్రికి గుడారం వేసుకుంటే ఎంత బాగుంటుందో అనిపిస్తుంది కదూ! ఆ సరదా మాత్రం వద్దు. కింద మడుగులో మొసళ్లుంటాయి. వాటి పెంపకం కేంద్రమూ ఇక్కడే. దాపునే పులుల అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అందులో అడుగుపెట్టడమే నేరం.

అందుకే లోయలోకి దిగకండి. ఎదుటి గట్టు మీది నుంచి జలపాతం, లోయ రెండూ కనువిందు చేస్తాయి. వానలు పడ్డాక పులిహోర పొట్లాలు కట్టుకుని పొద్దున్నే బయల్దేరండి. రాత్రి బసకు సాగర్ ఉండనే ఉంది.