తినే నాలుగు రకాలతో నెల గడిచేదెలా?

రాజాం: నెల మొదటి వారంలో ఇక్కడి బజారులో ఏ కిరాణా కొట్టు ముందు నిలబడినా ఒకటే దృశ్యం. చేతిలో చీటీ, చంకలో సంచి. చీటీ సగానికి వచ్చేసరికి “అది అరకిలో చాలులే బాబూ” అంటారు. చివరికి వచ్చేసరికి “అది వచ్చే నెల చూద్దాంలే” అంటారు. వెచ్చాల ఖర్చు తగ్గించుకోవడం మధ్యతరగతి గృహిణికి ఎవరూ నేర్పనక్కరలేదు. కంది బేడల ధర పెరిగితే పెసర బేడలు, నూనె పెరిగితే వేపుళ్లు బంద్. ఇంటిల్లిపాదీ సర్దుకుంటారు.

సర్దుకోలేని పిల్లవాడు ఉన్న ఇంట్లో ఈ లెక్క కుదరదు.

మచ్చుకు ఒక ఇంటిని తీసుకుందాం. భర్త ఆటో నడుపుతాడు. ఇద్దరు పిల్లల్లో చిన్నవాడికి ఏడేళ్లు, ఆటిజం ఉంది. వాడు తినేవి నాలుగే నాలుగు: పొడిపొడిగా ఉన్న తెల్లన్నం, వేయించిన అప్పడం, కరకరలాడే మరమరాలు, ఒకే కంపెనీ బిస్కెట్. అన్నంలో కూర రసం చుక్క తగిలితే కంచం మొత్తం తోసేస్తాడు. తల్లికి రక్తం తక్కువ. పొద్దున్న పది దాటేసరికి గోడకు చేరబడుతుంది. ఇలాంటి ఇల్లు ఏ వీధిలోనైనా ఉండవచ్చు. బయటికి చెప్పుకోరు, అంతే.

“గుంటడికి మొండి పట్టింది. రెండు తగిలిస్తే తినడేటి?” అనడం ఇంట్లో పెద్దలకు పరిపాటి. పాపం, వాళ్లు నలుగురైదుగురు పిల్లలను అలాగే పెంచారు. కానీ ఇది మొండితనం కాదు. మనకు మెత్తగా తోచే ముద్ద వాడి నాలుకకు బురద కావచ్చు. మనకు కమ్మగా అనిపించే పోపు వాసన వాడికి తల తిప్పవచ్చు. స్పర్శకు, వాసనకు, శబ్దానికి అతిగా గాని, తక్కువగా గాని స్పందించడాన్ని అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో ఆటిజం లక్షణాల పట్టికలోనే చేర్చింది. దెబ్బ వేస్తే వాడికి అన్నం మీద భయం పట్టుకుంటుంది గాని నాలుక మారదు.

ఇక ఖర్చు సంగతి. ఇలాంటి ఇంట్లో డబ్బు ఎక్కువగా పోయేది చెత్తబుట్టలోకి. చౌకగా వచ్చిందని మరో కంపెనీ బిస్కెట్లు అరడజను పాకెట్లు తెస్తారు. వాడు ముట్టడు. కూరగాయలు తింటాడేమోనని ఆశపడి క్యారెట్టు, బీన్సు కొంటారు. వాడిపోతాయి. ఒక్క వారం పాటు పారబోసినవాటిని కాగితం మీద రాసి చూస్తే, ఏ పద్దు కొట్టేయాలో ఆ కాగితమే చెబుతుంది. వాడు తినే నాలుగు రకాల జోలికి పోకుండా, పొదుపంతా మిగతా ముగ్గురి కంచాల్లో చూసుకోవడం మేలు. వినడానికి అన్యాయంగా ఉన్నా, జేబుకు ఇదే న్యాయం.

బియ్యమే చూడండి. కార్డుకు మనిషికి ఐదు కిలోల లెక్కన నలుగురున్న ఇంటికి 20 కిలోలు ఉచితంగా వస్తాయి. వాటిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ చేర్చిన గింజలను నూటికి ఒకటి చొప్పున కలపడం దశలవారీగా సాగి, 2024 మార్చి నాటికి దేశమంతటికీ విస్తరించింది. ఆ గింజ బియ్యప్పిండితో చేసి బియ్యం ఆకారంలో పోతపోసినది. రంగులో కాస్త తేడా ఉంటుంది. ఊళ్లలో చాలామంది దాన్ని ప్లాస్టిక్ బియ్యమని అనుమానించారు. పెద్దలకే అనుమానం వస్తే, అన్నంలో ఒక్క మెతుకు తేడాగా ఉన్నా పట్టేసే పిల్లవాడి సంగతి చెప్పేదేముంది! అదీగాక ఒక నెల పాత బియ్యం, మరో నెల కొత్త బియ్యం వస్తుంటాయి. కొత్త బియ్యం అన్నం ముద్దవుతుంది.

అందుకని బియ్యం రెండు డబ్బాల్లో పెట్టుకోవడం మంచిది. ఇంటికి కార్డు బియ్యం, వాడికి మాత్రం ఒకే కొట్టులో ఒకే రకం పాత బియ్యం, నెలకు ఐదారు కిలోలు. ఇంటిల్లిపాదికీ బజారు బియ్యం కొనడంతో పోలిస్తే ఇది చాలా తక్కువ. కుక్కర్లో రెండు గిన్నెలు ఒకదానిపై ఒకటి పెడితే గ్యాసూ ఒకసారే, తల్లి పొయ్యి దగ్గర నిలబడడమూ ఒకసారే.

మరమరాలకు ఇంకో చిక్కు ఉంది. వానాకాలంలో గాలి తగిలిన గంటకే మెత్తబడతాయి. వాడు ఒకటి కొరికి పారేస్తాడు, పెద్దలు కొత్త పొట్లం కొంటారు. మూత బిగువైన స్టీలు డబ్బాలో పోసి, తినే ముందు గుప్పెడు మాత్రం బాణలిలో రెండు నిమిషాలు నూనె లేకుండా వేయిస్తే మళ్లీ కరకరలాడతాయి. రంగు పాకెట్ల చిప్స్ అలవాటైన పిల్లలను సైతం కొందరు తల్లులు ఈ దారినే మళ్లించగలుగుతారు. కరకర మనే శబ్దం అదే, ఉప్పు అంతే. మారింది ఆకారం ఒక్కటే. మార్పు ఒకసారికి ఒక్కటే ఉండాలన్నది ఇక్కడ కీలకం. అప్పడం నుంచి వడియానికి, ఉత్త మరమరాల నుంచి నాలుగు వేరుశనగ గుళ్లు పక్కన పెట్టిన మరమరాలకు. పక్కన అంటే వేరే గిన్నెలో. తింటే సంతోషం, తినకపోతే అక్క తింటుంది.

వాడికి తెలియకుండా అన్నంలో ఆకుకూర ముద్ద దాచడం, బిస్కెట్‌లో మందు పొడి నూరి పెట్టడం మాత్రం కూడదు. ఒక్కసారి పట్టుకున్నాడంటే ఆ అన్నాన్నే, ఆ బిస్కెట్‌నే నమ్మడం మానేస్తాడు. నాలుగు రకాలు మూడవుతాయి. అలాగే ఇష్టంగా తింటున్నాడు కదా అని బిస్కెట్లు పెట్టెలకొద్దీ నిలవ చేయరాదు. ఇలాంటి పిల్లలు నెలల తరబడి తిన్నదాన్ని ఒక ఉదయం హఠాత్తుగా వదిలేయడం కద్దు. నెల సరుకు చాలు. కొత్త వస్తువు పరీక్షించాలంటే ఐదు రూపాయల పాకెట్. కిలో లెక్కన అది ఖరీదే, అయినా పారేసే పెద్ద పాకెట్ కంటే చౌక. తినే రకాలు తగ్గిపోతున్నా, బరువు తగ్గుతున్నా ఇంటి ఉపాయాలు కట్టిపెట్టి డాక్టరుకు చూపించాలి.

తల్లి సంగతి ఎవరూ అడగరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉంది. ఓపిక లేదంటే బద్ధకమనుకునే ఇళ్లలో ముందు జరగవలసింది రక్తపరీక్ష. ప్రభుత్వ ఆసుపత్రిలో దానికి ఖర్చు లేదు. ఇనుము మాత్రలూ ఉచితమే. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు మాత్రం మానుకోవాలి. ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడేది అదే. గంట ఆగి తాగితే నష్టం లేదు.

ఓపిక లేని మనిషికి ఈ ప్రాంతం ఎప్పుడో కనిపెట్టిన వంట చోడి అంబలి. రాత్రి చోడి పిండి నీళ్లలో కలిపి పులవనిస్తారు. మర్నాడు ఉడుకుతున్న నూకల్లో ఆ పిండి పోసి కలియబెడితే ఒక కుండెడు అవుతుంది. చల్లారాక మజ్జిగ, ఉప్పు, పచ్చి ఉల్లిపాయ. పొయ్యి వెలిగించడం రోజుకు ఒక్కసారే, రెండు పూటలు గడుస్తుంది. వంద గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం, నాలుగు మిల్లీగ్రాముల దరిదాపు ఇనుము ఉంటాయి. పులియబెట్టడం వల్ల ఆ ఇనుము మరింత బాగా ఒంటబడుతుంది. పక్కన నిమ్మబద్ద ఉంటే మరీ మంచిది. అంబలి పేదల తిండి అని ఒకప్పుడు ముఖం చాటేసినవారే ఇప్పుడు పట్నంలో గ్లాసు చొప్పున కొనుక్కుని తాగుతున్నారు. 2023 మార్చిలో ప్రభుత్వ బడుల్లోనూ వారానికి మూడు రోజులు బెల్లం కలిపిన రాగి జావ ఇవ్వడం మొదలైంది.

అసలు లేవలేని రోజులు కూడా ఉంటాయి. అటువంటి రోజు కోసం పొయ్యి అక్కరలేని సరుకు విడిగా ఒక డబ్బాలో ఉండాలి: అటుకులు, వేయించిన వేరుశనగ గుళ్లు, బెల్లం. పిల్లవాడి డబ్బా వేరు. అది లేని రోజున హోటలుకు కబురు వెళుతుంది. వారం పొదుపు ఆ ఒక్క పూటకే చెల్లు.

మిగతా ముగ్గురి పప్పూపులుసుల్లో ఆదా చేయడానికి కాలం చూసుకోవాలి. వరి కోశాక అదే మడిలో వేసిన మినుము, పెసర ఫిబ్రవరి, మార్చి నెలల్లో చేతికొస్తాయి. మన్యం చింతపండు వేసవి మొదట్లో దిగుతుంది. ఏడాదికి సరిపడా అప్పుడే కొని ఎండబెట్టుకోవడం అమ్మమ్మల నాటి పద్ధతి. ఓపిక లేని ఇల్లాలు ఒక్కతే ఆ పని చేయలేదు. ఎండలో పోసి ఎత్తడం మగవాళ్లకు చేతకాని విద్యేమీ కాదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉందన్న సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం ఉంటే పింఛనుకు దరఖాస్తు చేయవచ్చు. 2024 జూలైలో దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలయింది. రాజాం 2022 ఏప్రిల్ 4న శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలో చేరింది గనుక, పాత కాగితాలు ఉన్నవారు ఏ కార్యాలయానికి వెళ్లాలో సచివాలయంలో ముందే అడిగి బయలుదేరడం మంచిది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. అక్కడి టీచరుకు వాడు తినే నాలుగు రకాల చీటీ రాసి ఇవ్వవచ్చు. పరీక్షల శిబిరానికి తీసుకెళ్లే రోజున వరుస ఎంతసేపుంటుందో ఎవరూ చెప్పలేరు. పొద్దున్నే వేయించిన మరమరాలు మూత బిగువైన డబ్బాలో పోసుకుని వెళ్లాలి.