రెండు క్రీడల రామస్వామి

చెన్నపురి తెలుగు విద్యార్థులు ఎరుగవలసిన క్రీడాకారులలో కోటా రామస్వామిగారొకరు. వీరు 1896లో ఈ నగరముననే బుచ్చిబాబు నాయుడుగారి పుత్రులుగా జన్మించిరి. కేంబ్రిడ్జిలో చదువుకొని, 1922లో డేవిస్ కప్పు టెన్నిసు పోటీలలో భారతదేశము పక్షమున ఆడిరి.

క్రికెట్టులో వీరి అవకాశము ఆలస్యమయ్యెను. మన దేశము మొదటి టెస్టు నాడినదే 1932లో. రామస్వామిగారు నలువదియేండ్లు నిండిన పిమ్మట, 1936లో మాంచెస్టరునందు తొలి టెస్టు ఆడి 40, 60 పరుగులు తీసిరి. ఆడినవి రెండే టెస్టులు. మొత్తము 170 పరుగులు, సగటు 56.66.

1985 అక్టోబరు 15న ఇల్లు వెడలిన ఆ వృద్ధులు మరల కానరాలేదు.

బాలలారా! అవకాశము ఎప్పుడు వచ్చునో మన చేతిలో లేదు. అది వచ్చునాటికి సిద్ధముగా నుండుట మన చేతిలోనిదే. వారి జాడ తెలియకపోయినను, వారి పేరు మాత్రము మనము మరువరాదు.