కాలు విరిగింది.. ఆపరేషన్‌కి వారం ఆగమన్నారా? అసలు కారణం ఇదే!

ఏలూరు-తాడేపల్లిగూడెం మధ్య 16వ నంబర్ హైవేపై బైక్ స్కిడ్ అయినా, కొల్లేరు చేపల చెరువు గట్టుపై జారిపడినా.. మోకాలి కింది పెద్ద ఎముక విరగొచ్చు. దీన్నే టిబియా అంటారు. ముందువైపు ఇది చర్మం కిందే ఉంటుంది, పైన కండ ఉండదు.

మధ్యలో విరిగితే చాలావరకు లోపల రాడ్ వేస్తారు. మోకాలి దగ్గరో, చీలమండ దగ్గరో విరిగితే ఎక్కువగా ప్లేటు పెట్టి స్క్రూలు బిగిస్తారు.

మరి వెంటనే ఎందుకు చేయరు?

వాపు మీద కోస్తే గాయం మానక చీము పట్టొచ్చు. ఆ ఇన్ఫెక్షన్ ప్లేటుకి పాకితే మళ్లీ ఆపరేషనే! అందుకే వాపు దిగి, చర్మంపై ముడతలు కనిపించేదాకా ఆగుతారు. ఒక్కోసారి 2 వారాలు పడుతుంది.

కానీ వీటికి మాత్రం ఆగొద్దు:

* ఎముక బయటికొచ్చినా, గాయంలోకి చెరువు నీళ్లు, బురద వెళ్లినా.. శుభ్రమైన గుడ్డ కప్పి 108కి ఫోన్ చేయండి.
* పిక్క రాయిలా బిగిసి, వేళ్లు కదిపితే భరించలేని నొప్పి వస్తే.. గంటల్లోనే కాలికి ముప్పు. నాటుకట్టు అస్సలు వద్దు.

ప్లేటు పట్టి ఉంచుతుందంతే, అతుక్కోవాల్సింది ఎముకే. అందుకు నెలలు పడుతుంది. డాక్టర్ ఎక్స్‌రే చూసి చెప్పేదాకా కాలిపై బరువు మోపొద్దు. సిగరెట్ మానేయండి, అది ఎముక అతకడాన్ని ఆలస్యం చేస్తుంది.