ఉమ్మడి నల్లబల్ల

చిత్తూరు జిల్లా కాటూరున 1937లో జన్మించిన కంప్యూటరు శాస్త్రవేత్త రాజ్ రెడ్డి నేతృత్వమున, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో 1970ల దశకమున రూపొందిన 'హియర్‌సే-2' అను వాగ్గ్రహణ వ్యవస్థయందు, ధ్వనులను, పదములను, వాక్యములను వేర్వేరుగ పరిశీలించు విభాగములన్నియు 'నల్లబల్ల' యను ఒకే ఉమ్మడి స్మృతిపై తమ ఊహలను వ్రాయుచు, అన్యోన్య లిఖితములను సవరించుచుండెను. అవి ఏకకాలమున పనిచేయునప్పుడు, ఒకటి చదివిన విలువను అది వాడుకొనులోపలనే వేరొకటి మార్చివేయవచ్చును. దానిని నివారింప తాళములు వేసినచో తక్కినవి నిరీక్షించుచు నిలిచిపోవును. ఈ చిక్కును ఫెన్నెల్, లెసర్ అను పరిశోధకులు 1977లో ప్రకటించిన వ్యాసమున పరిశీలించిరి. సహకారమునకు ఆ బల్ల మహోపకారియే. చెరిపి వ్రాయుటయందే ప్రమాదము. కనుక వ్రాసిన విలువను మార్పక, వలసినప్పుడు క్రొత్త విలువను సృష్టించి సందేశముగ పంపుటయే మేలని నా దృఢాభిప్రాయము. ఎరిక్సన్ సంస్థలో 1986 ప్రాంతమున మొలకెత్తిన ఎర్లాంగ్ అను కంప్యూటరు భాష ఈ మార్గముననే టెలిఫోన్ వ్యవస్థలను నడిపినది.