కంటిలో పెరుగు కండ: అతుకుపొరను నిలుపు విధములు

ఎండలో, దుమ్ములో పొలముపని చేయువారి కంటియందు ముక్కువైపునుండి నల్లగ్రుడ్డు మీదికి ఎఱ్ఱని కండ రెక్కవలె ప్రాకుట మన సభ్యులు పలువురెఱిగినదే. శ్రీనగర్ కాలనీకి దాపున, బంజారాహిల్సులో 1987లో వెలసిన ఎల్. వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థవారు 1996 మొదలు 2000 వఱకు హైదరాబాదునందును, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబునగరు జిల్లాలయందును జనుల కన్నులు పరీక్షించిరి. ఆరుబయట పనిచేయువారికి ఈ వ్యాధి హెచ్చు.

కండ చిన్నదై చూపున కడ్డురానిచో కోయ నక్కఱలేదు. కోసి చోటు ఊరక విడిచినచో తఱచు మరల మొలచును. మరల మొలచినది మొదటిదానికంటె మొండిది. కావున అదే కంటి పైఱెప్పక్రింది పల్చని పొరనుండి తునక తీసి ఆ చోట కప్పుదురు. 1985లో కెన్యన్ అను వైద్యుడును ఆయన సహచరులును దీనిని వివరించినపిదప ఈ పద్ధతి వ్యాప్తిచెందినది. మామిడి యంటు కట్టువారికి తక్కినది చెప్పకయే తెలియును: అంటు కదలినచో అతుకదు. ఎట్లు కదలకుండ నిలుపవలెననుటయే చిక్కు.

మొదటిది కుట్టు. వెండ్రుకకంటె సన్నని దారముతో కుట్టుదురు. పట్టు గట్టిదే గాని పని ఆలస్యము. కంట నలుసు పడినట్లు కొన్నిదినములు గుచ్చుకొనును, నీరు కారును. నైలాను దారమైనచో విప్పించుకొనుటకు మరల పోవలెను. కరగు దారమున కా బాధ లేదు.

రెండవది ఫైబ్రిన్ జిగురు. మనుష్యరక్తమునుండి తీసిన రెండు ద్రవములు కలిసినంతనే గడ్డకట్టి పొరను పట్టును. పని త్వరితము, నొప్పి స్వల్పము. 2016లో వెలువడిన కాక్రేన్ సమీక్షలో, కుట్టుకంటె జిగురు వాడినవారికి కండ మరల మొలచుట తక్కువయనియు, పొర ఊడుటవంటి చిక్కులు మాత్రము కొంత హెచ్చు కావచ్చుననియు కలదు. వెల అధికము.

మూడవది రోగి రక్తమే. కోసినచోట ఊరిన నెత్తురుమీద పొరను పఱచి కొన్నినిమిషములు అదిమి, పిదప కంటికి కట్టు కట్టుదురు. జిగురు ఖర్చు లేదు, పరుల రక్తపు శంక లేదు. కాని పొర జరుగుట, ముడుచుకొనుట జిగురుకంటె దీనిలో హెచ్చు. కన్ను నలుపక నాలుగుదినములు ఇంటిపట్టున నుండగలవారికే ఇది తగునని మా యభిప్రాయము. మఱునాడే నూర్పిడికి దిగువాడు దీనిని కోరరాదు. నిజమునకు ఏ పద్ధతియైనను అట్టివానికి క్షేమము కాదు.

కండ పెద్దదైనను, మరల మొలచినదైనను ఏది తగునో వైద్యుడే నిర్ణయింపవలెను. చేరుటకు ముందే మూడు ప్రశ్నలడుగుడు: పొర వేయుదురా, దేనితో నిలుపుదురు, ఎన్నిమారులు మరల రావలెను? నాట్లకును కోతలకును నడుమ తీరిక చూచుకొని పోవుట మేలు.